స్వధర్మమును గుర్తెరిగిన గణితయోగి శ్రీనివాస రామానుజన్

దేవాలయమున కైంకర్యములు అనేకములు. పుష్పమాలలు కట్టువారు కొందరు, పోటులో ప్రసాదములు సిద్ధపరచువారు కొందరు, ప్రబంధ పారాయణము చేయువారు కొందరు, ఉత్సవవేళ వాహనములను భుజమున మోయువారు మరికొందరు. వీరిలో ఎవరి సేవయు ఎవరి సేవకును తక్కువ కాదు. కాని మాలలు కట్టు నేర్పరిని తీసికొనిపోయి పోటులో నిలిపినచో మాలయు చెడును, ప్రసాదమును చెడును. స్వామి సేవలో కనబడు ఈ సత్యమే సంసారమునందును వర్తించుచున్నది. ఎవని స్వభావమునకు ఏ పని తగునో ఆ పని వానికి లభించినప్పుడే వానికి తృప్తియు, లోకమునకు మేలును కలుగును.

గీతాచార్యుడు స్వధర్మమును గూర్చి మూడవ అధ్యాయమునందును, మరల పదునెనిమిదవ అధ్యాయమునందును ఉపదేశించుట ఊరకనే కాదు. తనకు తగిన పనిని తెలిసికొనుట అంత సులభము కాదు. తెలిసికొన్న పిమ్మట దానిని విడువక పట్టుకొనుట అంతకంటె కష్టము. బిడ్డ పరీక్షలో తప్పినాడని కన్నీరు పెట్టుకొను తల్లిదండ్రులు నేటికిని ప్రతి గ్రామమునను కలరు. చదివిన చదువొకటి, చేయుచున్న ఉద్యోగమొకటియై లోలోపల కుములు యువకులును కలరు. అట్టివారందరును ఒక్కసారి తలచుకొనదగిన జీవితము గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్‌ది.

బాల్యము

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడు పట్టణమున మాతామహుల ఇంట జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణములో ఒక బట్టల దుకాణమున గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ ఆలయమున భజనలు పాడుచుండెడి సాధ్వి. కుంభకోణమునందు శార్ఙ్గపాణి స్వామి సన్నిధి వీథిలో వారి చిన్న ఇల్లు. కన్నులు విప్పినంతనే గోపుర దర్శనము, చెవులు విన్నంతనే ఆళ్వారుల పాశురములు. ఆ ఇంటివారి ఇలవేలుపు నామక్కల్ క్షేత్రమున లక్ష్మీనరసింహుని దేవేరియైన నామగిరి తాయారు. చిరకాలము సంతానము లేని కోమలతమ్మాళ్‌కు ఆ తాయారు అనుగ్రహముననే ఈ బిడ్డ కలిగెనని ఆ కుటుంబము విశ్వసించినది. శిశువునకు పెట్టిన పేరును శ్రీ భగవద్రామానుజులను స్మరింపజేయునదే.

రెండేండ్ల ప్రాయమున మశూచికము సోకినను బాలుడు బ్రతికి బయటపడెను. 1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాకు ప్రథముడుగా నిలిచి, కుంభకోణము టౌన్ హైస్కూలులో చేరెను. అచ్చటనే లెక్కలయందు అతని అసాధారణ ప్రజ్ఞ పదిమందికి తెలిసెను. 1903లో, పదునారవ ఏట, కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన ఒక గణిత గ్రంథము అతని చేతికి వచ్చెను. వేలకొలది సూత్రములను వరుసగా పేర్చిన పుస్తకమది. చాలవరకు ఉపపత్తులు లేవు, వివరణములు లేవు. ఇతరులకు శుష్కముగా తోచు ఆ పుస్తకము రామానుజన్‌కు అమృతభాండమయ్యెను. ఒక్కొక్క సూత్రమును తానే నిరూపించుకొనుచు, ఆ దారిలో ఎవ్వరును చూడని క్రొత్త సూత్రములను కనుగొనుచు పోయెను. చెప్పినవారు లేరు, అడిగినవారు లేరు, బహుమానము ఆశ లేదు. ఎవ్వరును చెప్పకుండనే, ఫలమును కోరకయే, ఆకలి నిద్రలు మరచి మనుష్యుడు దేనియందు లీనమగునో అదియే అతని స్వధర్మమునకు మొదటి గురుతు.

పరీక్షలో పరాజయము

1904లో హైస్కూలు చదువు ముగియునాటికి గణితమున బహుమతియు, కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో చదువుటకు విద్యార్థి వేతనమును లభించెను. ఇల్లంతయు సంతోషించినది. గుమాస్తా కొడుకు గొప్ప ఉద్యోగి అగునని ఆశపడుటలో వింత లేదు. కాని కళాశాలలో అడుగుపెట్టిన తరువాత రామానుజన్ మనస్సు గణితము తప్ప వేరొకదానిపై నిలువలేదు. ఇతర పాఠములు జరుగుచున్నంతసేపును ఆయన లోకము లెక్కలే. తత్ఫలితముగా ఇంగ్లీషులో తప్పి విద్యార్థి వేతనమును కోల్పోయెను.

ఆ అవమానమును భరింపలేక 1905 ఆగస్టు మాసమున ఎవ్వరికిని చెప్పకుండ ఇల్లు విడిచి రైలెక్కి మన విశాఖపట్నమునకు వచ్చెను. కన్నతల్లి ఎంత తల్లడిల్లియుండునో మనము ఊహింపవచ్చును. కుమారుని జాడకై తల్లిదండ్రులు పత్రికలో ప్రకటన వేయించిరి. తరువాత ఇల్లు చేరి, 1906లో మదరాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరెను. అచ్చటను అదే గతి. గణితమున తిరుగులేదు, శరీరశాస్త్రము మొదలగు ఇతర విషయములలో నెగ్గలేదు. ఎఫ్.ఏ. పరీక్షలో రెండుమారులు తప్పి, పట్టా లేకయే కళాశాల విద్యకు స్వస్తి చెప్పవలసి వచ్చెను.

ఇచట పాఠకులు ఒక్క మాట గమనింపవలయును. ఇతర పాఠములను నిర్లక్ష్యము చేయుట గొప్ప అని ఎవ్వరును అనుకొనరాదు. ఆ నిర్లక్ష్యమునకు రామానుజన్ చెల్లించిన మూల్యము చాల ఎక్కువ. పట్టా లేనందున అయిదారేండ్లు పేదరికములో నలిగెను. కాగితము కొనుటకు డబ్బు చాలక పలకపై లెక్కలు చేసి, మోచేతితో తుడిచి, ఫలితమును మాత్రము నోటుపుస్తకమున వ్రాసికొనెడివాడు. తిండికిని ఇబ్బంది కలిగిన దినములు కలవు. అయినను ఆ పలకను క్రింద పెట్టలేదు. ఓటమి వలన అతనికి అహంకారము పోయినది గాని అభిలాష పోలేదు. కష్టము వచ్చినంతనే విడిచిపోవునది ముచ్చట మాత్రమే. కష్టములోను వెంటనుండునది స్వధర్మము. ఇది రెండవ గురుతు.

గుమాస్తా ఉద్యోగము

1909 జులై మాసమున తల్లి నిశ్చయించిన సంబంధము ప్రకారము జానకితో వివాహమయ్యెను. ఆనాటి ఆచారమున వధువు పదేండ్ల బాలిక. ఇక సంసార భారము మీద పడినది. ఏదో ఒక జీవనోపాధి కావలయును. తన నోటుపుస్తకములను చంకన పెట్టుకొని రామానుజన్ ఉద్యోగమునకై తిరుగ నారంభించెను.

1910లో తిరుక్కోయిలూరునకు పోయెను. శ్రీవైష్ణవులకు ఆ ఊరు పరమ పవిత్రము. ఒక వాననాటి రాత్రి ఇరుకైన నడవలో ముగ్గురు మొదటి ఆళ్వారులు కలిసికొని, నడుమ వచ్చి చేరిన స్వామిని గుర్తించిన దివ్యదేశమది. ఆ ఊరనే రామానుజన్ ప్రతిభను గుర్తించిన పెద్దమనిషి దొరకుట చిత్రము. ఆయన డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యర్, 1907లో భారతీయ గణిత సంఘమును స్థాపించినవారు. తాలూకా కచేరీలో చిన్న గుమాస్తా పని ఇప్పింపుమని రామానుజన్ వేడుకొనెను. రామస్వామి అయ్యర్ ఆ నోటుపుస్తకములను తిరగవేసి చూచి, ఇట్టి ప్రతిభను రెవిన్యూ శాఖ దస్త్రములలో పూడ్చిపెట్టుట పాపమని తలచి, మదరాసులోని మిత్రులకు పరిచయ లేఖలిచ్చి పంపెను. అడిగిన ఉద్యోగమును ఇవ్వకపోవుటయే ఆయన చేసిన గొప్ప ఉపకారము.

ఆ లేఖల వలన 1910 డిసెంబరులో నాటి నెల్లూరు జిల్లా కలెక్టరు ఆర్. రామచంద్రరావును కలిసికొను అవకాశము లభించెను. ఆయనయు గణితాభిమానియే. మాసిన దుస్తులతో, చేతిలో చిరిగిన నోటుపుస్తకముతో వచ్చిన యువకుని మాటలు మొదట ఆయనకు అర్థము కాలేదు. పలుమారులు విన్న పిమ్మట ఆ యువకుడు సామాన్యుడు కాడని గ్రహించెను. రామానుజన్ పేరు ప్రతిష్ఠలు కోరలేదు, ధనము కోరలేదు; అన్నమునకు వెదుకులాట లేకుండ గణితము చేసికొను తీరిక మాత్రమే కోరెను. రామచంద్రరావు నెలకు 25 రూపాయల చొప్పున తన సొంత ధనమునుండి ఇచ్చుచు వచ్చెను. 1911లో రామానుజన్ తొలి పరిశోధన వ్యాసము భారతీయ గణిత సంఘము పత్రికలో వెలువడెను.

కాని ఒకరి దానముపై ఎల్లకాలము బ్రతుకుట రామానుజన్‌కు నచ్చలేదు. 1912 మార్చి 1వ తేదీన మదరాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను. ఈ ఉద్యోగమును ఆయన తక్కువగా చూడలేదు. లెక్కల పుస్తకములు సరిచూచుట అతనికి నిమిషముల పని. మిగిలిన కాలమున పనికిరాని పొట్లపు కాగితములు ఏరి తెచ్చుకొని వానిపై తన గణితము సాగించెడివాడు. భగవత్కృప వలన పైయధికారి నారాయణ అయ్యర్ స్వయముగా గణితము తెలిసినవాడు. ఆయనయు, సంస్థకు అధిపతియైన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దొరయు ఈ గుమాస్తాను ఆదరించిరి. కార్యాలయము ముగిసిన పిదప రాత్రులందు నారాయణ అయ్యర్‌తో కూర్చుండి చెరియొక పలకపై లెక్కలు చేయుట నిత్యకృత్యమయ్యెను.

జీవనోపాధి వేరు, జీవిత పరమార్థము వేరు. రెండును ఒక్కటియైనవారు ధన్యులు. కాకున్నచో మొదటిదానిని ధర్మముగా నిర్వర్తించుచు రెండవదానికై నిరీక్షింపవలయును. రామానుజన్ చేసినది అదియే. అన్నము పెట్టు పనిని ద్వేషించి దులుపుకొనలేదు. ఆ పనిలో మునిగి తన నిజమైన పనిని మరువనూ లేదు.

సముద్రము దాటిన సందేశము

తన గణితమును నిర్ణయింపగల విద్వాంసులు ఈ దేశమున అరుదని స్నేహితులు చెప్పగా, రామానుజన్ ఇంగ్లండులోని ప్రొఫెసర్లకు లేఖలు వ్రాసెను. ఇద్దరి వలన ప్రయోజనము కలుగలేదు. నిరాశపడక 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల గణితవేత్త హార్డీకి మరియొక లేఖ పంపెను. తాను 30 రూపాయల లోపు బ్రతుకు బ్రతుకు గుమాస్తానని దాచక, తాను కనుగొన్న సూత్రములను వరుసగా జతపరచెను. హార్డీ మొదట ఇది ఎవరో చేసిన పరిహాసమేమో అనుకొనెను. ఆ రాత్రి తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుండి ఆ పుటలను పరిశీలింపగా, వ్రాసినవాడు మహామేధావియని ఇద్దరును నిశ్చయించుకొనిరి. ఆదరముతో ప్రత్యుత్తరము వచ్చెను. దాని ఫలముగా మదరాసు విశ్వవిద్యాలయము 1913 మే 1వ తేదీనుండి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనము మంజూరు చేసెను. రెండుమారులు ఎఫ్.ఏ. తప్పినవానికి విశ్వవిద్యాలయమే వేతనమిచ్చి పరిశోధన చేయుమనెను!

హార్డీ కేంబ్రిడ్జికి రమ్మనెను. ఇచటనే అసలైన పరీక్ష ఎదురయ్యెను. సముద్రయానము ఆచార విరుద్ధమని నాటి వైష్ణవ కుటుంబముల నమ్మిక. తల్లి అంగీకరింపలేదు; తల్లి మాట దాటుట రామానుజన్‌కు చేతకాదు. స్వధర్మము ఒకవైపు, కులాచారము, మాతృభక్తి మరియొకవైపు. ఏది విడుచుట? ఏది పట్టుట? అట్టి సమయమున నామక్కల్ తాయారు కోమలతమ్మాళ్‌కు స్వప్నమున సాక్షాత్కరించి, కుమారుని జీవిత లక్ష్యమునకు అడ్డు నిలువవలదని ఆజ్ఞాపించినట్లు ఆయన జీవిత చరిత్రకారులు వ్రాసిరి. తల్లి మనస్సు మారెను. ఆ స్వప్నమును ఎవరు ఏ విధముగ గ్రహించినను, ప్రాణప్రదమైన కొడుకును తన ఒడినుండి విడిచిపెట్టి అతని పనికి అతనిని అప్పగించిన ఆ తల్లి త్యాగము సామాన్యమైనది కాదు.

తలపై శిఖను తీసివేయునప్పుడు ఆయన మిక్కిలి దుఃఖించెనట. 1914 మార్చి 17వ తేదీన మదరాసు రేవున నెవాసా అను ఓడ ఎక్కి, ఏప్రిల్ మాసమున లండను చేరెను.

కేంబ్రిడ్జిలో అయిదేండ్లు

రామానుజన్‌కు లభించిన వార్షిక వేతనము 250 పౌండ్లు. అందులో 50 పౌండ్లు స్వదేశమున కుటుంబ పోషణకు కేటాయింపబడెను. వెళ్ళిన కొలది మాసములకే మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమయ్యెను. శుద్ధ శాకాహారియైన ఆయన తన గదిలో తానే వండుకొని తినెడివాడు. యుద్ధకాలమున కూరగాయలు దొరకుటయే కష్టము. చలి దేశము, ఒంటరితనము, వేళ తప్పిన భోజనము. అయినను ఆయన జీవితములో గణితము నిండుగా పండిన కాలమదే. 1916లో పరిశోధన వలన బి.ఏ. పట్టా లభించెను. ఎఫ్.ఏ. తప్పినవాడు పరీక్ష వ్రాయకయే పట్టభద్రుడయ్యెను.

ఆయన పని ఎట్టిదో సామాన్యులకు ఒక ఉదాహరణము చెప్పవచ్చును. నాలుగు లడ్డూలను రాశులుగా ఎన్ని విధముల పెట్టవచ్చును? నాలుగును ఒకే రాశిగా పెట్టవచ్చును. మూడును ఒకటియుగా, రెండును రెండుగా, రెండును ఒకటియును ఒకటియుగా, నాలుగును వేర్వేరుగా పెట్టవచ్చును. మొత్తము 5 విధములు. అదే 200 లడ్డూలైనచో? ఆ విధముల సంఖ్య 39,72,99,90,29,388. ఎంత పెద్ద సంఖ్యకైనను ఈ లెక్కను దాదాపు సరిగా తేల్చు మార్గమును రామానుజన్, హార్డీ కలిసి 1918లో ప్రకటించిరి. గణితవేత్తలు ఆ మార్గమును నేటికిని ఉపయోగించుచున్నారు.

ఈ స్నేహమునందు ఒక విశేషము కలదు. హార్డీ నిరీశ్వరవాది, రామానుజన్ నిత్యము దైవమును తలచువాడు. సూత్రములు స్వప్నములందు నామగిరి తాయారు అనుగ్రహించునని రామానుజన్ చెప్పెడివాడని స్వదేశ మిత్రులు తెలిపిరి. హార్డీ దానిని నమ్మలేదు. ఉపపత్తి కావలయునని పట్టుపట్టెను. ఒకరిది దర్శనము, ఒకరిది నిరూపణము. ఒకరి లోటును ఒకరు పూరించుకొనిరి. తన స్వభావమునకు తగిన పని లభించుట ఒక భాగ్యము. ఆ పనిలో తన కొరతను సరిదిద్దు సహచరుడు లభించుట రెండవ భాగ్యము.

1917లో ఆరోగ్యము చెడెను. ఆసుపత్రినుండి ఆసుపత్రికి మారుచు, శరీరబాధతో పాటు మనోవ్యథను కూడ అనుభవించెను. ఆ దినములలోనే చూడవచ్చిన హార్డీ తాను వచ్చిన అద్దె బండి సంఖ్య 1729 అని, అందు విశేషమేమియు లేదని పలుకగా, రోగశయ్యపై నున్న రామానుజన్ వెంటనే దాని మహిమను చెప్పెను. రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అదియే మిక్కిలి చిన్నది: ఒకటి ఘనము, పన్నెండు ఘనము, తొమ్మిది ఘనము, పది ఘనము. దేహము శిథిలమైనను ఆయన అంకెలతో చెలిమి చెదరలేదు. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము, అదే సంవత్సరము అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలో పదవి లభించెను. ఆ పదవిని పొందిన తొలి భారతీయుడు ఆయనయే.

అంతిమ దినములు

1919లో స్వదేశమునకు మరలివచ్చెను. అంతకు ముందే మదరాసు విశ్వవిద్యాలయము సంవత్సరమునకు 250 పౌండ్ల వేతనము ప్రకటింపగా, ఆయన ఇంగ్లండునుండి వ్రాసిన లేఖ మనము మరువరానిది. అంత ధనము తనకు అవసరము లేదనియు, తన ఖర్చులకును తల్లిదండ్రులకు ఇచ్చు 50 పౌండ్లకును పోగా మిగిలినది పేద బాలురకు, అనాథలకు బడి జీతముల నిమిత్తమును పుస్తకముల నిమిత్తమును వినియోగింపవలయుననియు కోరెను. విద్యార్థి వేతనము పోగొట్టుకొని ఇల్లు విడిచి పరుగెత్తిన నాటి బాధ ఆయన మరచిపోలేదు కాబోలు!

జబ్బు తగ్గలేదు. భార్య జానకి రేయింబవళ్ళు పరిచర్య చేసెను. మంచముపై పడుకొనియే పలకపై లెక్కలు చేయుచు, 1920 జనవరిలో హార్డీకి తాను కనుగొన్న క్రొత్త ప్రమేయములను వివరించుచు తుది లేఖ వ్రాసెను. ఏప్రిల్ 26వ తేదీన మదరాసు చేట్‌పట్టులో పరమపదించెను. అప్పటికి వయస్సు 32 సంవత్సరములు. సముద్రము దాటినవాడను కారణమున బంధువులు పలువురు అంత్యక్రియలకు రాలేదని వ్రాతల వలన తెలియుచున్నది. ఆచారము మనలను కాపాడుటకే గాని, భగవంతుడిచ్చిన పనిని చేసినవానిని దూరము చేయుటకు కాదని ఈ ఘట్టము మనకు హెచ్చరిక.

జానకి చిన్నతనముననే వితంతువయ్యెను. కుట్టుపని నేర్చుకొని, తన చేతి కష్టముపై తిరువల్లికేణిలో గౌరవముగా జీవించి, 1994లో కన్నుమూసెను. భర్త పలక ఆయనకెట్లో, ఆమె సూది దారములు ఆమెకట్లే.

ఆయన చివరి దినములలో వ్రాసిన కాగితములు ట్రినిటీ కళాశాల గ్రంథాలయమున మరుగుపడియుండగా 1976లో ఆండ్రూస్ అను అమెరికా గణితవేత్త కనుగొనెను. వానిలోని సూత్రములపై పండితులు దశాబ్దముల తరబడి శ్రమించిరి. ఆయన జన్మదినమైన డిసెంబరు 22వ తేదీని భారతదేశము 2012 నుండి జాతీయ గణిత దినోత్సవముగా జరుపుకొనుచున్నది.

మనము గ్రహింపవలసినది

మన బిడ్డలందరును రామానుజన్‌లు కారు, కానవసరము లేదు. వ్యవసాయము చేయు చేతికి నాగలి, వైద్యునికి ఔషధము, ఉపాధ్యాయునకు సుద్దముక్క, గృహిణికి వంటయిల్లు – దేనిని ప్రేమతో చేసిన అది పూజయగును. కాని ఏ బిడ్డ చేతికి ఏది తగునో చూచు కన్ను పెద్దలకు కావలయును. రామానుజన్ జీవితమున పట్టాను చూచినవారు అతనిని వెళ్ళగొట్టిరి. నోటుపుస్తకమును విప్పి చూచినవారు అతనిని నిలబెట్టిరి. రామస్వామి అయ్యర్, రామచంద్రరావు, నారాయణ అయ్యర్, హార్డీ – వీరిలో ఒక్కరు లేకున్నను ఆ దీపము గాలికి ఆరిపోయెడిదే. పరీక్ష తప్పిన పిల్లవాడు ఇంటికి వచ్చినప్పుడు తిట్టుటకు ముందు, వాడు ఎవ్వరును చెప్పకుండ ఏ పని చేయుచున్నాడో ఒక్కసారి గమనింపుడు. ఆ నోటుపుస్తకమును విప్పి చూడుడు.

యువకులు గ్రహింపవలసినదియు కలదు. తగిన పని లభించువరకు దొరికిన పనిని నిజాయితీతో చేయుడు. తెలిసినవారి తలుపు తట్టుటకు సిగ్గుపడవలదు. రెండు తలుపులు మూసికొన్నను మూడవది తట్టుడు. ఫలము ఎప్పుడు వచ్చునో ఎంత వచ్చునో ఆ శ్రీనివాసునకే తెలియును. పలకను మాత్రము క్రింద పెట్టవలదు.

తన భక్తులలో ప్రతి ఒక్కరికిని తగిన కైంకర్యమును నియమించిన శ్రియఃపతి, మన ఇండ్లలోని బిడ్డలకును వారి వారి స్వధర్మమును తెలియజేసి, దానిని నిర్వహించు శక్తిని అనుగ్రహించుగాక!